గోదావరి నీటికి ఏటేటి పరీక్ష

మన యూరి యేటినీరు మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్న గ్రామములయందు సాధారణముగా రెండు సమయములందే పుట్టును. ఊర వాంతులు, విరేచనములు వ్యాపించినప్పుడు ఒకమాఱు. మడుగులో చేపలు వెల్లకిల తేలినప్పుడు మఱియొకమాఱు. అప్పుడు పెద్దలు కూడుదురు, అర్జీ వ్రాయుదురు, ఉద్యోగులు వచ్చి సీసాలతో నీరు పట్టుకొని పోవుదురు. ఫలితము తెలియు నప్పటికి ఏటిలోని ఆ నీరు ఎంతో దూరము పాఱిపోయి యుండును. "ఆనాడు నీరు ఇట్లుండెను" అని కాగితము చెప్పును. కాని "అంతకు ముందు ఎట్లుండెను? నిరుడు ఇదే మాసమున ఎట్లుండెను?" అని యడిగినచో బదులు చెప్పువారు లేరు. ఈ రెండవ ప్రశ్నకు బదులు చెప్పుట కొఱకే నదీజలములను ఏండ్లతరబడి, విడువక, ఒకేరీతిని పరీక్షించు పద్ధతి యేర్పడినది. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

మహారాష్ట్రమున నాసిక సమీపమందలి త్ర్యంబకేశ్వరముకడ పుట్టిన గోదావరి, కందకుర్తికడ తెలంగాణమున ప్రవేశించును. అచ్చట మంజీర వచ్చి కలియును. బాసర సరస్వతీక్షేత్రమును దాటి, పోచంపాడుకడ శ్రీరామసాగరమున నిలిచి, అటుపిమ్మట పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరము జిల్లాలకు పొలిమేరయై తూర్పునకు సాగును. ఉత్తరపు వైపున లక్షెట్టిపేట, మంచిర్యాల, చెన్నూరు. దక్షిణపు వైపున ధర్మపురి, రామగుండము, మంథని, కాళేశ్వరము ఈ నదిని నమ్ముకొన్న యూళ్లు. కడెము ఉత్తరమునుండియు, మానేరు దక్షిణమునుండియు వచ్చి చేరును. వార్ధా, వైనగంగల కలయికచే నేర్పడిన ప్రాణహిత కాళేశ్వరముకడ సంగమించును. 2016 లో ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభక్తమైనవి. నది మాత్రము విభక్తము కాలేదు. పై యూరివారు విడిచినది క్రింది యూరివారు త్రాగవలసినదే.

ఈ దారిలో నదికి పనులు పెక్కు. రామగుండమున విద్యుత్కేంద్రము, గోదావరిఖని, మందమఱ్ఱి, బెల్లంపల్లి ప్రాంతముల బొగ్గుగనులు, పెద్దవాగు తీరమున కాగజ్‌నగరు కాగితపు మిల్లు, మానేటి యొడ్డున సిరిసిల్ల మగ్గములు, పట్టణముల మురుగుకాలువలు, ఇరుగట్ల పొలములలో చల్లెడు ఎరువులు, పురుగుమందులు ఇవన్నియు ఏదో యొక తీరున నదితో సంబంధము గలవియే. ఇంతేకాదు. 2016 లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచే జలాశయముల నీరే శుద్ధియై గొట్టములద్వారా దూరగ్రామములకు సయితము పోవుచున్నది. కావున నది నెన్నడును చూడని యూరివారును నేడు నదినీటినే త్రాగుచున్నారు. నది మంచిచెడ్డలు ఒడ్డునున్న వారికి మాత్రమే సంబంధించినవి కావు.

ఒక్కనాటి పరీక్ష యేల చాలదో మొదట విచారింతము. పూర్వము పట్వారి ఒక్క యేటి పహాణీని మాత్రము చేతబట్టుకొని భూమి చరిత్రను నిర్ణయించెడువాడు కాడు. వెనుకటి పహాణీలన్నియు తీసి, ఎవరి సాగు ఎప్పటిదో, ఏ యేట ఏ పైరు వేసిరో వరుసగా చూచిన పిమ్మటనే మాట చెప్పెడువాడు. నీటి విషయమును అట్టిదే.

నది గుణము ఋతువును బట్టి మాఱును. మృగశిరలో తొలివానలు కురియగనే వేసవి యంతయు గట్లపై పేరుకొన్న మాలిన్యము కొట్టుకొనివచ్చి యేట పడును. భాద్రపదమున వఱద నిండుగా నున్నప్పుడు ఒండ్రు ఎక్కువ. అయినను పట్టణపు మురుగు ఆ మహాప్రవాహములో పలుచనగును. చైత్రవైశాఖములయందు నీరు తేటగా కానవచ్చును. కాని ప్రవాహము సన్నగిలుటచే అదే మురుగు చిక్కబడును. కంటికి మంచిదిగా తోచు నీరే అప్పుడు ఎక్కువ చెడ్డదై యుండవచ్చును.

గుణము గడియను బట్టియు మాఱును. నీటియందలి పచ్చని నాచు పగటివేళ సూర్యరశ్మి సాయమున ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ తానే దానిని పీల్చుకొనును. కావున నాచు దట్టముగా నున్న మడుగులో మధ్యాహ్నము పరీక్షించినచో ప్రాణవాయువు సమృద్ధిగా నుండును. తెల్లవాఱుజామున పరీక్షించినచో చేపలు బ్రదుకజాలనంత తక్కువగా నుండవచ్చును. ఇద్దరును సత్యమునే చెప్పినవారగుదురు. ఇద్దరి మాటయు వేఱువేఱుగా నుండును. ఇక స్థలభేదము సరేసరి. ఊరికి ఎగువను తీసిన నీటికిని, మురుగుకాలువ కలసిన పిమ్మట దిగువను తీసిన నీటికిని పోలికయే యుండదు. అందుచేత నియత స్థలమున, నియత కాలమున, నియత పద్ధతిని తీసిన నీటినే పోల్చవలెను. ఇదియే ఈ శాస్త్రమునకు మూలసూత్రము.

ఇక నీటియందు ఏమేమి కొలుతురో చెప్పెదను. అన్నిటికంటె ముఖ్యమైనది నీట కరిగియున్న ప్రాణవాయువు. మనము గాలి పీల్చి బ్రదుకునట్లే చేప నీట కరిగిన వాయువును పీల్చి బ్రదుకును. నీరు వేడెక్కిన కొలదిని ఈ వాయువును తక్కువగా నిలుపుకొనును. 20 డిగ్రీల వేడిమియందు లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగును. 30 డిగ్రీలయందు సుమారు ఏడున్నఱ మాత్రమే. మన వేసవియందు నదికి సహజముగనే ఊపిరి తక్కువ యని దీనివలన తెలియుచున్నది. 4 మిల్లీగ్రాములకు తగ్గినచో చేపల కది మంచిది కాదు.

దీనిని కొలుచు ఉపాయమును 1888 లో హంగేరీ దేశపు వింక్లరు అను రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. గాలిబుడగ చొరకుండ సీసా నింపి, గట్టుననే అందు మాంగనీసు లవణమును, క్షారమును, అయోడైడును వేయుదురు. నీట ప్రాణవాయువున్నచో గోధుమవన్నె మడ్డి యేర్పడును. లేనిచో మడ్డి తెల్లగా నుండును. పిదప ఆమ్లము పోసి, గంజి చేర్చి, నీలవర్ణము విఱుగువఱకు మఱియొక ద్రావకమును బొట్టుబొట్టుగా విడుతురు. ఎంత ద్రావకము పట్టెనో దానిని బట్టి వాయువు లెక్క తేలును. ఈ పద్ధతి నేటికిని వాడుకయందున్నది.

రెండవది మాలిన్యపు కొలత. దీనిని బి.ఓ.డి. యందురు. మురుగు, పెంట, కుళ్లిన ఆకులు మొదలగువాటిని నీటియందలి సూక్ష్మజీవులు తినును. తినుచు ప్రాణవాయువును వ్యయపఱచును. మాలిన్యమెంత హెచ్చైన వ్యయమంత హెచ్చు. రెండు సీసాలు నింపి, ఒకదానిని వెంటనే పరీక్షించి, రెండవదానిని చీకటిలో కొన్నిదినము లుంచి పరీక్షింతురు. తగ్గిన వాయువే ఆ నీటి మాలిన్యమునకు కొలత. ఇంగ్లండునందు 1912 లో ఒక రాజనియుక్త సంఘము దీనికి 5 దినముల గడువు పెట్టెను. అచ్చటి నదులు అంతకాలములోనే సముద్రమును చేరునని దానికి కారణము చెప్పుదురు. మన దేశము ఉష్ణదేశమగుటచే ఇచ్చట 27 డిగ్రీల వేడిమిలో 3 దినములుంచి పరీక్షించుట వాడుకయైనది.

మూడవది కోలిఫారము అను సూక్ష్మజీవుల లెక్క. ఇవి మనుష్యుల యొక్కయు పశువుల యొక్కయు ప్రేవులలో నుండునవి. ఇవి నీట విశేషముగా నున్నచో మలము కలిసెనని గుఱుతు. మలముతో కలరా, సన్నిపాతజ్వరము మొదలగువాని బీజములు రావచ్చునని హెచ్చరిక. ఇవి కంటికి కానరావు, రుచికి తెలియవు. తేటనీరెల్ల మంచినీరు కాదనుటకు ఇదియే నిదర్శనము. ఇవిగాక పులుపు క్షారముల పాలు, కరిగిన లవణములు, ఎరువులనుండి వచ్చు నైట్రేటు, ఒండ్రు మొదలగువానిని గూడ కొలుతురు.

ఈ కొలతలను బట్టి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు నదీజలమును ఐదు తరగతులుగా నేర్పఱచిరి. క్రిములను చంపుమందు కలిపినంతమాత్రమున త్రాగదగినది మొదటిది. స్నానమునకు తగినది రెండవది. వడపోసి శుద్ధిచేసిన గాని త్రాగరానిది మూడవది. జలచరములకు తగినది నాలుగవది. సేద్యమునకు తగినది ఐదవది. స్నానపు నీటియందు ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, బి.ఓ.డి. 3 మిల్లీగ్రాములకు మించరాదు. 100 మిల్లీలీటర్లలో కోలిఫారములు 500 కు మించరాదు. బాసరయందును, ధర్మపురియందును, కాళేశ్వరమునందును మునుగు యాత్రికులకు ఈ మూడంకెలు మిగుల ముఖ్యములు.

నీటిని తీయుటయందును నియమములు కలవు. అంచున నిలిచిన నీరు గాక పాఱునీటి నడుమ, పైతెట్టె తగులకుండ కొంత లోతున ముంచవలెను. సీసాను మొదట ఆ నీటితోనే పలుమాఱులు కడుగవలెను. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రము ముందుగ కాచి శుద్ధిచేసిన సీసానే కడుగక వాడవలెను. మంచుగడ్డలలో నుంచి సత్వరముగా పరీక్షాశాలకు చేర్పవలెను. స్థలము, తేది, గడియ, నీటివేడిమి అచ్చటనే వ్రాయవలెను. వీనిలో ఒకటి తప్పినను ఎంతటి పరీక్షాశాలయు ఆ లోపమును తీర్పజాలదు.

మన దేశమున కేంద్ర జలసంఘమువారు 1963 నుండి నదీజలముల గుణమును పరీక్షించుచున్నారు. వారికి మన ప్రాంతమున గోదావరిపై మంచిర్యాలకడను, మానేటిపై సోమన్‌పల్లికడను, పెద్దవాగుపై భట్‌పల్లికడను స్థానములు కలవు. అచ్చట నీటిమట్టము, ప్రవాహము కూడ కొలుతురు. ఇది మిగుల ప్రయోజనకరము. మాలిన్యపు టంకె యొక్కటే చాలదు. ఎంత నీటిలో అంత మాలిన్యమో తెలిసినగాని అర్థము పూర్తికాదు. 1974 లో జలకాలుష్య నివారణ చట్టము పుట్టినది. ఆ యేటనే కేంద్రమండలి యేర్పడినది. 2014 లో తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైన పిమ్మట ఇచ్చటి నదుల పరీక్ష ఈ రాష్ట్రపు కాలుష్య నియంత్రణ మండలికి సంక్రమించినది.

ఇట్లు కూర్చిన లెక్కలను బట్టి కేంద్రమండలివారు 2018 లో దేశమున 351 నదీభాగములు కలుషితములని ప్రకటించిరి. బి.ఓ.డి. 3 మిల్లీగ్రాములను మించిన తావులే ఆ పట్టికకెక్కినవి. బాసరనుండి ఖమ్మమువఱకు గల గోదావరియు, వరంగల్లునుండి సోమన్‌పల్లివఱకు గల మానేరును అందున్నవి. 2022 నాటి పట్టికలో దేశమందలి సంఖ్య 311 కు తగ్గినది. పట్టికలో చేరినంతమాత్రమున నది ప్రతి బొట్టును విషమని భయపడరాదు; సంఖ్య తగ్గినంతమాత్రమున నిశ్చింతగా నుండనురాదు. మన భాగము ఏ యేట ఎట్లున్నదో వరుసగా చూచుటయే వివేకము.

దీర్ఘకాలపు లెక్క యేమి చెప్పగలదో రెండు దృష్టాంతములు చెప్పెదను. కాగజ్‌నగరు మిల్లు 1942 ప్రాంతమున కాగితము తీయ నారంభించినది. 2014 లో మూతపడినది. 2018 లో మరల తెఱవబడినది. కాగితపు మిల్లులనుండి వచ్చు నీరు శుద్ధిచేయనిచో నల్లగా నుండి ప్రాణవాయువును హరించుననుట లోకవిదితము. అయినను పెద్దవాగున కలుగు మార్పునకు మిల్లు ఎంత కారణము, ఊరిమురుగు ఎంత కారణము, వానలేమి ఎంత కారణము? మిల్లు నడచిన యేండ్లు, ఆగిన యేండ్లు, మరల నడచిన యేండ్లు మూడింటి లెక్కయు గలవాడే న్యాయముగా చెప్పగలడు. లెక్క లేనివాడు నిందించినను అది నింద మాత్రమే. సమర్థించినను అది సమర్థన మాత్రమే. నిర్దోషిని కాపాడునదియు, దోషిని పట్టియిచ్చునదియు ఆ లెక్కయే.

రెండవది ఆనకట్టల విషయము. పాఱునీటికి దోషము లేదని పెద్దలందురు. ఇందు సత్యము లేకపోలేదు. మురుగు కలసినచోట ప్రాణవాయువు తగ్గును. నీరు ఱాళ్లపై దుముకుచు పోవునప్పుడు గాలినుండి మరల వాయువు చేరును. సూక్ష్మజీవులు మాలిన్యమును తినివేయును. కొన్ని క్రోసులు పోవునప్పటికి నది తేఱుకొనును. కాని దీనికి రెండు షరతులు కలవు. ప్రవాహము చాలినంత యుండవలెను. క్రింద మఱియొక మురుగుకాలువ వెంటనే కలియకుండవలెను. కరిగిన లవణములకును, లోహములకును ఈ న్యాయము వర్తింపదు. 2019 లో మేడిగడ్డ, అన్నారము, సుందిళ్ల ఆనకట్టలు ప్రారంభమైనవి. పాఱెడు నది కొన్ని క్రోసుల పొడవున నిలువనీరైనది. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభములు కొన్ని క్రుంగుటచే అచ్చటి నిలువనీరు విడువబడినది. ఒకే చోట నది పాఱినది, నిలిచినది, మరల పాఱినది. నిలిచినప్పుడు నాచు పెరిగెనా? అడుగున ప్రాణవాయువు తగ్గెనా? చేపజాతులు మాఱెనా? 2019 కి ముందటి లెక్క లేక ఈ ప్రశ్నలలో ఒక్కదానికిని బదులు దొరకదు. గడచిన సంవత్సరపు నీటిని ఎంత ధనమిచ్చినను నేడు పరీక్షింపజాలము గదా.

లెక్క వ్రాయుటచే నది బాగుపడునా యని కొందరడుగవచ్చును. లండను నగరపు థేమ్సునది వృత్తాంతమే దీనికి బదులు. 1858 వేసవిలో ఆ నది దుర్గంధమునకు వారి శాసనసభయే తల్లడిల్లినది. 1957 లో అచ్చటి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు లండనుకడ ఆ నది జీవములేనిదైనదని చెప్పిరి. దశాబ్దములుగా వ్రాసియుంచిన ప్రాణవాయువు లెక్కలను బట్టి, ఏ తావున నది ఊపిరి యాడక యున్నదో గుర్తించి, మురుగును శుద్ధిచేయు కర్మాగారములను మెఱుగుపఱచిరి. 1974 లో ఆ నదియందు సామను చేప మరల కానవచ్చినది. లెక్క నదిని బాగుచేయలేదు; ఎచ్చట ధనము వెచ్చించిన ఫలించునో చూపినది. వైద్యునికి నాడి యెట్టిదో నదికి ఈ లెక్క అట్టిది.

ప్రభుత్వ స్థానములు కొలది. రెండు స్థానముల నడుమ పెక్కు గ్రామములు కలవు. కావున గ్రామపెద్దలు చేయదగిన పని యున్నది. అది కష్టమైనది కాదు, ఓర్పు గావలసినది. ఊరి రేవున ఒక చోటు నిర్ణయించుకొని, ప్రతి పూర్ణిమనాడు ప్రొద్దెక్కకమునుపు ఒకే గడియకు పోయి ఒక పుస్తకమున వ్రాయవలెను. నీరు ఎన్నవ మెట్టుకడ నున్నది, రంగెట్టిది, వాసన గలదా, నురుగు తేలుచున్నదా, చేపలు పైకి వచ్చి గాలికి నోళ్లు తెఱచుచున్నవా, వెనుకటి మూడుదినములలో వాన కురిసెనా అని వ్రాసినచో చాలును. తెల్లని పళ్లెమునకు త్రాడుకట్టి దింపి, ఎంత లోతున కానరాకపోవునో మూరలలో వ్రాయవచ్చును. ఇట్టి యుపాయమునే 1865 లో ఇటలీ దేశపు సెక్కి యను పండితుడు సముద్రజలమునకు ప్రయోగించెను.

2019 లో ఆరంభమైన జలజీవన పథకముక్రింద ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని నిర్ణయము గలదు. వారి చేతిపెట్టెతో కొన్ని లవణములను అచ్చటనే చూడవచ్చును. మలదోషము చూచు చిన్నసీసాలును కలవు. వానిలో నీరు పోసి ఒకటి రెండు దినములుంచినచో, దోషమున్న నీరు నల్లబడును. ఆ ఫలితములను గూడ అదే పుస్తకమున చేర్పవలెను. నీరు నల్లబడినచో పుస్తకములో వ్రాసి యూరకుండక, కాచి త్రాగుడని ఊరివారికి వెంటనే చాటింపవలెను.

ఇందు మూడు జాగ్రత్తలు ముఖ్యములు. మొదటిది: బాగున్న నాడును వ్రాయవలెను. చెడిన నాడు మాత్రమే వ్రాసినది ఫిర్యాదగును గాని లెక్క కాదు. రెండవది: చోటును, గడియను మాటిమాటికి మార్పరాదు, మార్చవలసి వచ్చినచో మార్చితిమని వ్రాయవలెను. మూడవది: పుస్తకము ఒకరి యింట గాక పంచాయతీ కార్యాలయమున నుండవలెను, సర్పంచి మాఱినను పుస్తకము మాఱరాదు. కాలుష్యమండలివారి యంకెలను గూడ 2005 నాటి సమాచారహక్కు చట్టముచే అడిగి తెప్పించుకొని ప్రక్కన వ్రాసికొనవచ్చును. ఆపద వచ్చిననాడు అట్టి పుస్తకము గల గ్రామము అర్జీతోపాటు సాక్ష్యమును గూడ చూపగలదు.

అన్నిటికంటె ముందుగా పెద్దలు తమ జ్ఞాపకముననున్నది వ్రాయింపవలెను. మీ బాల్యమున ఏ మడుగున ఏ చేప దొరకెడిది, ఏ కార్తెవఱకు వాగు పాఱెడిది, ఏ చెలిమనీరు త్రాగెడువారు అనునవి ఏ పరీక్షాశాలయందును లేవు. అవి మీతోనే యున్నవి. వ్రాయనిచో మీతోనే పోవును. మన పుస్తకములకు మొదటి పుట అదియే కావలెను.

గోదావరికి 2003 లో పుష్కరములు జరిగినవి. 2015 లో జరిగినవి. 2027 లో మరల రానున్నవి. పండ్రెండేండ్ల కొకమాఱు నదికి మ్రొక్కుట మన యాచారము. నడుమనున్న నూటనలువదినాలుగు మాసములును నది మనలను పోషించుచునే యున్నది. ఆ మాసములయందును ఆమె క్షేమము నడుగుచు, తెలిసినది తెలిసినట్లు వ్రాసియుంచిన గ్రామము, తన పిల్లలకు నీటితోపాటు నీటి చరిత్రను గూడ ఇచ్చినదగును.